పంపని చీర

ఆ ఆదివారం పొద్దున అనసూర్య పార్కుకు వెళ్లింది పిట్టలను చూడటానికి కాదు. షుగర్ తగ్గాలంటే నడవాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి పక్కింటి జ్యోతిరాణితో కలిసి రోజూ వెళ్తుంది. మానేరు డ్యాం కట్టకు దగ్గరలో ఉన్న పార్కు అది. చలికాలం పొద్దున్నే నీళ్ల మీది నుంచి మంచు వచ్చి చెట్ల నడుమ నిలబడిపోతుంది. నడిచేవాళ్లు చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఎవరి లోకంలో వాళ్లు తిరుగుతుంటారు.

ఆ రోజు గేటు లోపల ఓ గుంపు నిలబడి ఉంది. పదిమంది దాకా ఉంటారు. మెడల్లో బైనాక్యులర్లు, ఒకరిద్దరి చేతుల్లో పొడవాటి కెమెరాలు. అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

"ఏందక్కా, ఎవలన్న మంత్రి వస్తుండా?" అంది జ్యోతిరాణి. ఆమెకు మెల్లగా మాట్లాడటం రాదు.

గుంపు ముందున్న మనిషి తిరిగి చూసి నవ్వాడు. ముప్పై దాటి ఉంటాయి. బక్కమనిషి, తలకు ఆకుపచ్చ ఉన్ని టోపీ. "మంత్రి కాదమ్మా, బాతులు వచ్చినయి. హిమాలయాలు దాటి వచ్చినయి. మీరు గూడ రాండ్రి. నడక నడకైతది, పిట్టలను చూసినట్లు గూడ అయితది."

"పిట్టల గురించి మాకేం తెలుస్తది సార్?"

"తెల్వకుంటెనే మంచిదమ్మా. తెలిసినోళ్లు ఊకె మాట్లాడుతరు, పిట్టలు లేచిపోతయి."

గుంపులో ఎవరో నవ్వారు. జ్యోతిరాణి అప్పటికే వాళ్లలో కలిసిపోయింది. అనసూర్య ఆమె వెనకే నడిచింది. ఆ మనిషి తన పేరు శ్యాం అని, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తానని, చలికాలం ఆదివారాలు ఇలా అందరినీ తిప్పడం తనకు అలవాటని చెప్పాడు.

అనసూర్య ఇల్లు గోదావరిఖని నుంచి కరీంనగర్‌కు మారి ఎంతో కాలం కాలేదు. భర్త మొగిలి బొగ్గుబాయిలో కప్పు కూలకుండా ఆనుకొయ్యలు నిలబెట్టే పని చేశాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, బిడ్డ రోజారాణి ఉన్న ఊరని ఇక్కడికి వచ్చారు. కొడుకు సిద్ధు లేడు. పెళ్లయిన రెండో ఏడు, సుల్తానాబాద్‌లోని అత్తగారింటి నుంచి బండి మీద తిరిగి వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పను చీకట్లో చూసుకోలేదు. కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఆ రాళ్లే ప్రాణం తీశాయి.

వడ్లు ఎవరివో, రాళ్లు ఎవరు పెట్టారో తేలలేదు. తేలని కోపం కోడలు అలేఖ్య మీదికి పోయింది. పదో రోజున బంధువులందరి ముందు అనసూర్య ఒక మాట అంది. "వాడు మీ ఇంటికి రాకపోతే బతుకుతుండె." అలేఖ్య ఎదురు మాట్లాడలేదు. నెల తిరక్కుండా వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడు. తర్వాత కొన్నేళ్లకు ఆమెకు మళ్లీ పెళ్లి కుదిరిందని తెలిసింది. ఆ మాట ఎవరెత్తినా అనసూర్య లేచి వంటింట్లోకి వెళ్లేది. అందుకే పెళ్లికొడుకెవరో, ఏం చేస్తాడో ఆమె చెవిన పడలేదు. ఫోన్ మీద అలేఖ్య పేరు కనిపిస్తే మోగి ఆగేదాకా చూసి పక్కన పెట్టేది.

గుంపు తుమ్మచెట్ల పక్క దారిలో నీళ్ల వైపు నడిచింది. శ్యాం తన మెడలోని బైనాక్యులర్ తీసి అనసూర్యకు ఇచ్చాడు. మొదట ఆమెకు తన కనురెప్పల వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించలేదు.

"కండ్లద్దాలు తీసి చూడుండ్రి. గీ చక్రం మెల్లగ తిప్పుండ్రి. ఆ తీగ మీద చూడుండ్రి, కనిపిస్తుందా?"

తిప్పగా తిప్పగా మసక విడిపోయి, తీగ మీద లకుముకి పిట్ట కనిపించింది. అంత దగ్గరగా ఉంటుందని అనుకోని ఆమె తల వెనక్కి తీసింది. మళ్లీ చూసింది. పిట్ట ముక్కు ఎర్రగా, ఒంటికి మించిన పొడవుతో ఉంది. అది నీళ్ల వైపు వంగి, ఆగి, మళ్లీ సర్దుకుని కూర్చుంది.

"దునుకుతదా?" అంది అనసూర్య మెల్లగా.

"దునుకుతది. జర ఓపిక పట్టాలె."

ఆమె ఓపిక పట్టింది. జ్యోతిరాణి తనకివ్వమని రెండుసార్లు మోచేయి తగిలించినా ఇవ్వలేదు. పిట్ట రాయిలా నీళ్లలో పడి, వెండి ముక్కలాంటి చేపతో పైకి లేచింది. అనసూర్య "అబ్బ" అంది. గుంపులో అందరికంటే పెద్దగా అన్నది ఆమే. సిగ్గుపడి బైనాక్యులర్ జ్యోతిరాణికి ఇచ్చేసింది.

ఇంకొంచెం ముందుకు పోగానే తీతువు అరిచింది. అనసూర్య ఆగిపోయింది.

"అటు పోవద్దు. అది అరుస్తుందంటె మంచిది కాదు."

టోపీ పెట్టుకున్న ఒకామె నవ్వబోతే శ్యాం చేత్తో వారించాడు. "దానికి మన మంచిచెడ్డలు తెల్వయమ్మా. మనం దాని జాగలకు వచ్చినమని అరుస్తుంది. నాలుగడుగులు పక్కకు జరుగుదాం పాండ్రి."

అందరూ గట్టు దిగి పక్కకు జరిగారు. తీతువు ఇంకో రెండుసార్లు అరిచి ఊరుకుంది. అనసూర్య నమ్మకం పోలేదు గానీ, ఆ మనిషి తనను చూసి నవ్వనందుకు సంతోషించింది.

దారిలో చిన్న కాలువ అడ్డం వచ్చింది. శ్యాం ముందు దాటి చేయి చాపాడు. అనసూర్య ఆ చేయి పట్టుకుని దాటింది. అవతలి ఒడ్డున ఊపిరి తీసుకోవడానికి ఆగితే అతనూ ఆగాడు.

"మీకు పిల్లలెందరమ్మా?"

"ఒక్క బిడ్డ. గీడనే మంకమ్మతోటల ఉంటది." అలా చెప్పడం ఆమె అలవాటు చేసుకుంది. కొడుకు సంగతి ఎత్తితే వినేవాళ్ల ముఖాలు మారిపోతాయి, వాళ్లను ఓదార్చే పని మళ్లీ తన మీదే పడుతుంది.

"నాకు గూడ ఒక్క బిడ్డనే. మొన్ననే నడక నేర్సింది. పావురాన్ని చూసినా కాకి అంటది."

"నేర్సుకుంటది తియ్యి. నీ బిడ్డ కాదా?"

హిమాలయాల బాతులు మంచు విడిపోయాకే కనిపించాయి. నీళ్ల మధ్య మట్టిదిబ్బ మీద గుంపుగా నిలబడి ఉన్నాయి. తెల్లటి తల వెనక రెండు నల్ల గీతలు. అంత దూరం నుంచి వచ్చిన పక్షుల్లా లేవు. ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు, కొన్ని నిద్రపోతూ, కొన్ని రెక్కల సందుల్లో ముక్కుతో వెతుక్కుంటూ ఉన్నాయి. శ్యాం వాటి ప్రయాణం గురించి చెప్తుంటే అందరూ విన్నారు. అనసూర్యకు సగమే అర్థమైంది. కానీ అతను చెప్పే తీరు ఆమెకు నచ్చింది.

"మంచిగ మాట్లాడుతుండు పిలగాడు. ఎవల కొడుకో," అంది జ్యోతిరాణితో.

ఎండ పైకి వచ్చాక గుంపు గేటు దగ్గరి సిమెంటు బెంచీల దగ్గరికి తిరిగి వచ్చింది. శ్యాం ఇంటామె చాయ్, సర్వపిండి తెస్తుందని, తినకుండా ఎవరూ పోవద్దని చెప్పాడు. కాసేపటికి గేటు బయట స్కూటీ ఆగింది. ఒకామె చంకలో పిల్లను ఎత్తుకుని, ఇంకో చేత్తో పెద్ద స్టీలు డబ్బా పట్టుకుని లోపలికి వచ్చింది. ఉన్ని శాలువా తల మీదుగా కప్పుకుంది. ముఖం కనిపించలేదు. కానీ కుడి పాదం కాస్త బయటికి వేసి నడిచే ఆ నడక అనసూర్యకు తెలుసు. ఆ నడక ఏడాదిన్నర తన ఇంట్లో తిరిగింది.

అలేఖ్య డబ్బా బెంచీ మీద పెట్టి, శాలువా వెనక్కి తోసి, తలెత్తింది.

"అత్తమ్మా," అంది.

మిగతావాళ్లు చాయ్ గిలాసల కోసం చేతులు చాపుతున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. శ్యాం మాత్రం ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆగాడు. పెళ్లాం ముఖం చూశాడు, ఆ తర్వాత అనసూర్యను చూశాడు.

అనసూర్య లేచింది. "పా జ్యోతీ, ఇంటికి పోదాం."

"ఏమైందక్కా? చాయన్న తాగనియ్యి," అంది జ్యోతిరాణి.

"జర కూసోండ్రి అత్తమ్మా," అంది అలేఖ్య. పిల్లను శ్యాం చేతికిచ్చింది. "ఒక్క మాట మాట్లాడి పోదురు."

అనసూర్య కూర్చోలేదు, వెళ్లిపోనూ లేదు. గుంపుకు దూరంగా కానుగచెట్టు కిందికి నడిచింది. అలేఖ్య వెంట వచ్చింది. మనిషి కొంచెం ఒళ్లు చేసింది. కళ్ల కింద నలుపు పోయింది. చెవులకు వేరే కమ్మలు ఉన్నాయి. అనసూర్య ఇవన్నీ చూసింది.

"శానసార్లు ఫోన్ చేసిన," అంది అలేఖ్య.

"చూసిన."

"ఎత్తలే."

"ఎత్తలే."

చెట్టు మీద గోరింకలు కొట్లాడుకుంటున్నాయి.

"చీర పంపిండ్రు గదా, అందుకనే నా మీద కోపం పోయిందనుకున్న. అప్పుడన్న మాట్లాడుతరనుకున్న."

"ఏ చీర?"

"పెండ్లికి మామయ్యతోని పంపిన చీర."

అలేఖ్య చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్లు చెప్పడానికి మనిషి దొరకని మాటలు అవి. "మామయ్య పొద్దుగాలనే వచ్చిండు. మావోళ్లందరు పరేషాన్ అయిండ్రు, కొట్లాటకు వచ్చిండనుకున్నరు. ఆయన ఏం మాట్లాడలే. చీర నా చేతుల పెట్టి, 'మీ అత్తమ్మకు మోకాళ్లు లేస్తలేవు బిడ్డా, లేకుంటె వస్తుండె. ఇది ఆమెనే ఏరి పంపింది' అన్నడు. అందరు తిన్నంక చివరి బంతిల తిని పోయిండు. అప్పగింతలప్పుడు నేను అదే కట్టుకున్న."

అనసూర్యకు ఆ రోజు గుర్తుకు వచ్చింది. బాయి దోస్తులతో బాసరకు పోతున్నానని మొగిలి తెల్లారక ముందే లేచి, తెల్ల అంగీ వేసుకుని వెళ్లాడు. రాత్రికి వచ్చి, అమ్మవారి దగ్గర మస్తు లైన్ ఉందని, కాళ్లు గుంజుతున్నాయని పడుకున్నాడు. ఆమె వేడినీళ్లు కూడా కాచి ఇచ్చింది.

తాను ఏ చీరా పంపలేదు. ఆ మాట ఇప్పుడు చెప్పొచ్చు. చెప్తే నిజం చెప్పినట్టవుతుంది. ఎదురుగా ఉన్న పిల్ల ముఖంలో ఆ చీర వల్ల వచ్చిన నిమ్మళం ఒకటి ఉంది, ఎన్నాళ్ల నుంచో ఉన్నట్టు ఉంది. అనసూర్య నీళ్ల వైపు చూసింది. బాతులు ఇక్కడికి కనిపించడం లేదు.

"కట్టుకున్నవా?" అంది.

"కట్టుకున్న."

"నప్పిందా?"

"నప్పింది అత్తమ్మా. అందరు మంచిగున్నదన్నరు."

"సరే మరి."

అలేఖ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. శ్యాం పిల్లను భుజాన వేసుకుని, చాయ్ గిలాసతో మెల్లగా వచ్చాడు. టోపీ తీసేశాడు. జుట్టు ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంది.

"సిద్ధు వాళ్ల అమ్మనా మీరు?" అన్నాడు. "నాకు తెల్వదమ్మా. తెలిస్తే..."

ఇన్నేళ్లలో అనసూర్య ఈ మనిషిని మనసులో చాలాసార్లు తిట్టింది. ఆమె ఊహించుకున్న మనిషి లావుగా, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉండేవాడు. ఆ తిట్లన్నీ ఎవరికి తగిలాయో ఇప్పుడు ఆమెకు తెలియలేదు.

"నాకు గూడ తెల్వదు బిడ్డా," అని గిలాస అందుకుంది. చాయ్‌లో చక్కెర ఉంది. డాక్టరు వద్దన్నాడు. అయినా తాగింది. పిల్ల తండ్రి భుజం మీది నుంచి ఆమెను చూసి ముఖం దాచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో జ్యోతిరాణి ఏమీ అడగలేదు. ఆమె అంతసేపు నోరు కదపకుండా ఉండటం అనసూర్య అంతకు ముందు చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి మొగిలి గడప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు.

"బాసరల అమ్మవారు మంచిగ కనిపించిందా?" అంది అనసూర్య చెప్పులు విడుస్తూ.

"ఎప్పటి బాసర?"

"నువ్వు తెల్ల అంగీ తొడుక్కొని పోయిన బాసర."

మొగిలి చేతిలోని కాయ ఒలవలేదు, కింద పెట్టలేదు. "ఎవలు చెప్పిండ్రు?"

"అలేఖ్యనే చెప్పింది. పార్కుల కలిసింది. ఆమె మొగడే మాకు పిట్టలను చూపిచ్చిండు. నా చెయ్యి పట్టి కాలువ దాటిచ్చిండు." ఆమె గొంతు అప్పుడు లేచింది. "నా పేరు మీద చీర ఇచ్చి వస్తవా? నాకు మోకాళ్లు లేస్తలేవా? పోతే పో, నా పేరెందుకు చెప్పినవ్?"

"నా ఒక్కని పేరు మీద ఇస్తే ఆ పిల్ల తీసుకుంటదా? ఆమెను అన్నది నువ్వు. నువ్వు పంపినట్టు ఉండాలె."

"నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"చెప్తే పోనిస్తుంటివా?"

మొగిలి కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశాడు. తలెత్తకుండానే అన్నాడు. "ఆ పిల్ల మెడల పుస్తె తీసిననాడు నువ్వున్నవ్, నేనున్న. మనింటి మనుషులందరు నిలబడి చూసిండ్రు. మల్ల కట్టిననాడు మనోళ్లు ఒక్కలన్న ఉండాలె గదా అనుకున్న. అంతే."

అనసూర్య లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. కాసేపటికి లోపలి నుంచే అడిగింది.

"చీర ఏ రంగుది?"

"ఏంది?"

"నేను పంపిన చీర. ఏ రంగుదని ఆ పిల్లను అడుగుతనా?"

"దానిమ్మ రంగు. ఆకుపచ్చ అంచు."

"నువ్వే ఏరినవా?"

"షాపుల పిల్ల ఏరింది. నేను పైసలు పట్టుకొని నిలబడ్డ."

రెండు రోజులు ఆమె మొగిలితో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మందు బిళ్లలు ఇచ్చింది, అంతే. ఆయన కూడా రాజీకి తొందరపడలేదు. బాయిలో పనిచేసిన మనిషికి ఎదురుచూడటం తెలుసు. మూడో రోజు పొద్దున అనసూర్య ఫోన్ తీసి, అలేఖ్య పేరు కనిపించేదాకా వేలితో జరిపి, నొక్కింది. అవతల చాలాసేపు మోగింది. తను ఎత్తకపోతే అవతలివాళ్లకు ఎలా వినిపించేదో ఆమెకు మొదటిసారి తెలిసింది. చివరికి అలేఖ్య ఎత్తింది. రొట్టెలు చేస్తున్నట్టుంది, వెనక పెనం సప్పుడు.

"అత్తమ్మా, చెప్పుండ్రి."

"ఏం లేదు. వచ్చే ఆదివారం గూడ పిట్టలను చూస్తరా?"

"చూస్తం. ఈయన ఆగుతడా?"

"అట్లయితే మీ మామయ్య గూడ వస్తడట. నువ్వు గూడ పొద్దుగాలనే రా. చాయ్ నేను తెస్త. చక్కెర తక్కువ వేసి తెస్త."

మొగిలి పక్క గదిలో ఉన్నాడు. తాను వస్తానని ఆయన అనలేదు. అయినా కాదనలేదు.

ఆదివారం మంచు ఇంకా ఎక్కువగా ఉంది. శ్యాం బైనాక్యులర్ మొగిలికి ఇచ్చి, మట్టిదిబ్బ వైపు చూపించాడు. మొగిలి దాన్ని దుర్భిణి అన్నాడు. బాతులను ఒకసారి చూసి, తర్వాత దాన్ని డ్యాం గేట్ల వైపు తిప్పాడు. ఆ గేట్లు ఎలా లేస్తాయో, ఇనుప తాళ్లు ఎక్కడ పట్టుకుంటాయో చూడాలని ఆయన ఎప్పటి నుంచో అనుకుంటున్నాడట. శ్యాం వద్దనలేదు. పక్కన నిలబడి, తనకు తెలిసినంత చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. గుంపు వాళ్లిద్దరినీ వదిలి ముందుకు పోయింది.

అనసూర్య, అలేఖ్య కాలువ గట్టు మీద కూర్చున్నారు. పిల్ల ఇద్దరి నడుమ నిలబడి, అనసూర్య శాలువా అంచు నోట్లో పెట్టుకుంది.

"సిద్ధు ఉంటే గింత పొద్దుగాల వచ్చేటోడా?" అంది అనసూర్య ఉన్నట్టుండి. అంతదాకా ఇద్దరిలో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

అలేఖ్య ఆమె వైపు చూసింది. "లేవకపోతుండె. పనికి ఫస్ట్ షిఫ్టు ఉన్ననాడే లేవకపోయేటోడు. ముఖం మీద నీళ్లు చల్లితే దుప్పటి తిరగేసుకొని పండుతుండె."

"నీళ్లు చల్లింది నువ్వా? పక్క తడిసిందని నేను వాణ్ణి తిట్టేదాన్ని."

"తెల్సు. నేను వంటింట్ల నవ్వుకునేదాన్ని."

అనసూర్యకు నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. రెండూ ఆపుకోలేదు. అలేఖ్య ముఖం తిప్పుకోకుండా పక్కనే కూర్చుంది. కాసేపటికి ముందు నుంచి జ్యోతిరాణి, గుంపు అంతా చెయ్యి నోటికి అడ్డం పెట్టి వారిస్తున్నా వినకుండా, ఏదో పాలపిట్ట కనిపించిందని కేకేసింది. అలేఖ్య పిల్లను ఎత్తుకుంది. అనసూర్య మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. మొగిలిని, శ్యాంను పిలిచి, నలుగురూ అటు నడిచారు.